తాండూరు బండల మీద లాటిన్ పొడి

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు. ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళు ఊటీ చలి గురించి రాస్తారు. నేను వెల్లుల్లి ఎండబెట్టుకోవడానికి తాండూరు వెళ్ళొచ్చాను కాబట్టి దాని గురించే రాస్తున్నాను. ఇలాంటి పని మీద ఇలాంటి యాత్ర మరొకరు చేసి ఉంటారని నేననుకోను. మీకెవరికీ ఆ అవసరం రాకూడదని మనసారా కోరుకుంటున్నాను.

బయలుదేరే ముందు

మా ఆఫీసరు గారు కిందటేడు సర్కారు ఖర్చు మీద దక్షిణ అమెరికా చూసొచ్చారు. అక్కడ సహకార సంఘాలు ఎలా నడుస్తున్నాయో తెలుసుకు రమ్మని పంపారు. అవి ఎలా నడుస్తున్నాయో ఆయన ఇంతవరకూ మాతో చెప్పలేదు. అక్కడివాళ్ళు కూరల్లో చల్లుకునే పొడి గురించి మాత్రం రోజూ చెబుతారు.

వచ్చేటప్పుడు ఆ పొడి ఒక రేకు డబ్బాడు తెచ్చుకున్నారు. "లాటిన్ దేశాల్లో ఇది లేని వంటిల్లు ఉండదయ్యా. మాంసానికి ఇదే, చేపకి ఇదే, చిక్కుళ్ళకి ఇదే. మన ఆడవాళ్ళలా కూరకో పొడి, పులుసుకో పొడి అని ప్రాణం తీయరు" అనేవారు. లాటిన్ అంటే చర్చిలో ఫాదర్లు చదివేదని, డాక్టర్లు మందుచీటీల మీద గిలికేదని అనుకునేవాణ్ణి. అది ఉప్మా మీద కూడా చల్లుకోవచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఉడికిన గుడ్డు మీద చల్లారు, జామకాయ మీద చల్లారు, పెరుగన్నంలో కలిపారు. ఒకనాడు డబ్బా బోర్లించి అరచేతిలో తట్టుకుంటే ఏమీ రాలలేదు. ఆ రోజు ఆఫీసులో సంతాప సభ ఒక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడే బదిలీల మాట వినిపించింది. వేసవిలో కొందరిని జిల్లాలకు పంపుతారని, అందులో నా పేరు కూడా ఉందని గుసగుసలు. ఉద్యోగస్తుడికి బదిలీ కొత్తా అంటారేమో, నా బాధ నా గురించి కాదు. నా భార్య సుభద్ర ఎన్నో ఏళ్ళు తిరగ్గా తిరగ్గా అప్పుడే ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరింది. చేరిన మొదటి రోజు గొడుగు పట్టుకుని గుమ్మం దిగుతుంటే ఆ ముఖంలో కనిపించిన వెలుగు మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు. ఆ సంగతి కొంచెం కష్టంగా అనిపించినా నాలో నేను ఒప్పుకున్నాను. నన్ను ఏ ఆదిలాబాదుకో పంపిస్తే ఆవిడ ఆ ఉద్యోగం వదులుకుని నా వెనక సామాను సర్దుకుని రావాలి. అది నేను చూడలేను.

అందుకని ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళి, "సార్, ఆ పొడి నేను చేయిస్తాను" అన్నాను. ఆయన నన్ను మనిషిగా చూడటం అదే మొదటిసారి. ఉప్పు, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాలు, జీలకర్ర, పసుపు అని వేళ్ళు మడిచారు. "ఇంకో ఆకు ఉండాలి. వాములా ఉంటుంది, తులసిలా ఉంటుంది, రెండూ కాదు" అన్నారు. పేరు గుర్తులేదట. మిరపకాయ మాత్రం పొరపాటున కూడా తగలకూడదన్నారు. నేను పుట్టింది గుంటూరులో. మిరపకాయ లేని పొడి చేస్తానని ఒప్పుకుని బయటికి వస్తుంటే మా తాతముత్తాతలందరూ వెనక నుంచి చూస్తున్నట్టే అనిపించింది.

ఇంట్లోనే చేద్దామని మేడ మీద వెల్లుల్లి తరిగి ఆరబోశాను. మా ఇంటి ఓనరు గారు ఉల్లి, వెల్లుల్లి ముట్టని మనిషి. గాలి ఆయన పూజ గది వైపు తిరిగింది. వెల్లుల్లి అయినా ఉండాలి, మేమైనా ఉండాలి అని తేల్చి చెప్పారు. మా ఆఫీసులో యాదగిరి అని నా స్నేహితుడు ఉన్నాడు. అతనే దారి చూపించాడు.

"మా అక్క నాగమ్మ తాండూర్ల ఉంటది. మా బావకు బండల కార్ఖానా ఉంది. గీ ఎండలకు ఆ బండల మీద పాపడం పెడితే కాల్తది. నీ ఎల్లిగడ్డ ఒక లెక్కనా? పోయి రా."

ఆకు సంగతి కూడా అతనే చెప్పాడు. వికారాబాదులో మిషను బంగళాలో వంట చేసి మానేసిన ఒక బట్లరు ఉన్నాడట, దొరల తిండి గురించి అతనికి తెలియనిది లేదట. సుభద్ర పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండానే, "ఎండలో టోపీ పెట్టుకోండి" అంది. సెలవు పెట్టి, ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని రైలెక్కాను.

వికారాబాదు గాలి

వికారాబాదులో దిగగానే ఎవరిని పలకరించినా గాలి గురించే చెబుతారు. అనంతగిరి కొండ మీద క్షయ రోగుల ఆసుపత్రి ఉంది. దాని వల్ల ఆ ఊరి గాలికి అంత పేరు. టాంగావాడు గుర్రాన్ని ఆపి మరీ, "పీల్చు సారూ, గట్టిగ పీల్చు, పట్నంల దొరుకుతదా?" అన్నాడు. గట్టిగా పీల్చాను. గుర్రం వాసన తగిలింది. చాలా బాగుందన్నాను.

బట్లరు పేరు దేవదాసు. తెల్లటి కోటు ఇంకా వేసుకునే ఉన్నాడు, గుండీలు మాత్రం లేవు. డబ్బా చేతికిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవకపోతే నిద్రపోయాడేమో అనుకున్నాను.

"సమజైంది సారూ" అన్నాడు చివరికి. "గిది మా దొరసాని కోడి మీద చల్లేది. కోడి మస్తుగ అయ్యేది."

"మీ దొరసాని లాటిన్ దేశం మనిషా?"

"ఏ దేశమైతేంది సారూ, అందరూ సముద్రం అవుతలనే గద."

ఈ భూగోళ జ్ఞానంతో మా ఆఫీసరు గారిని మించిపోయాడు. పెరట్లోకి తీసుకెళ్ళి మందపాటి వాము ఆకుల మొక్క చూపించాడు. అదివరకే ఎండబెట్టుకున్న ఆకు ఇంత కాగితంలో చుట్టి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే నొచ్చుకున్నాడు. దానికి బదులు దొరల భోజనాల గురించి మధ్యాహ్నం దాకా చెప్పాడు, అది డబ్బుల కన్నా ఎక్కువే పడింది నాకు.

ఆయన భార్య మార్తమ్మ అన్నం పెట్టింది. పుంటికూర పప్పు వడ్డించింది. మేము గోంగూర అంటామని, గోంగూరంటే మా గుంటూరు గోంగూరేనని, ఆ పులుపు ఇంకెక్కడా రాదని ఆవిడకి వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "గట్లనా అయ్యా? జర మా దాంతోటి ఇంకో ముద్ద తినుండ్రి మరి" అని గరిటెడు వేసింది. మూడుసార్లు వేయించుకున్నాను. నాలుగోసారి మా గుంటూరు మాట ఎత్తలేదు.

ధారూరులో మేక

వికారాబాదు నుంచి తాండూరు వెళ్ళే బండి ధారూరు స్టేషనులో ఆగింది. ఎదురుగా వేరే బండి రావాలన్నారు. అది ఎప్పుడొస్తుందని గార్డును అడిగితే, "వచ్చినప్పుడు వస్తది" అన్నాడు. ఇంత నిక్కచ్చిగా సమాధానం చెప్పే ఉద్యోగి మా ఆఫీసులో ఒక్కడూ లేడు. ప్లాట్‌ఫారం దిగి చాయ్ తాగాను. నయాపైసలు వచ్చి ఏళ్ళవుతున్నా చాయ్ అమ్మే ఆయన ఇంకా అణాల్లోనే అడుగుతున్నాడు. దాన్ని నయాపైసల్లోకి మార్చడానికి మేమిద్దరం తలలు బద్దలు కొట్టుకుంటుంటే, బెంచీ మీద పెట్టిన నా సంచిలో ఒక మేక తల దూర్చింది.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి కాగితం, ఆకు, రెండూ దాని నోట్లో ఉన్నాయి. నా వంక చూస్తూ నిదానంగా నమిలింది. మా ఆఫీసులో పెద్ద గుమాస్తా నా అర్జీ చదివేటప్పుడు సరిగ్గా అలాగే చూస్తాడు.

మేకలాయన పేరు మల్లయ్య. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆకు ఎందుకో, దాని వెనక నా భార్య ఉద్యోగం ఎలా వేలాడుతోందో అతనికి మొర పెట్టుకున్నాను. అంతా విని అడిగాడు.

"అయితే నీ సారుకు గడ్డి కావాలె, అంతేనా?"

"గడ్డి కాదు, ఆకు. వాములా ఉండాలి, తులసిలా ఉండాలి."

"గదేనా! గా రైలు కట్ట కింద మస్తుగ ఉంది. జర ఆగు."

పట్టాల పక్కన గట్టు దిగి ఎండిపోయిన మొక్కలు చేతినిండా పీక్కొచ్చాడు. నలిపి వాసన చూస్తే ఘాటుగా బాగానే ఉంది. ఏమిటని అడిగితే కుక్కతులసి అన్నాడు.

"మీ మేకలు దీన్ని తినవా?"

"థూ, మేకలు ముట్టయి సారూ. నీ సారుకైతే ఫికర్ లేదు."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉత్త ఓదార్పు. ఎంత చదువుకున్నా, ఎన్ని దేశాలు తిరిగినా, మేక వద్దన్నది తినే యోగం అందరికీ పట్టదని నాకు నేను సర్ది చెప్పుకుని, కుక్కతులసి కట్ట రుమాల్లో కట్టుకున్నాను. అవతలి బండి వచ్చినప్పుడు వచ్చింది.

తాండూరు: బండలే బండలు

తాండూరులో ఇంటి గోడ బండ, ఇంటి కప్పు బండ, వాకిట్లో బండ, చేను చుట్టూ కంచె కూడా నిలబెట్టిన బండలే. మా వైపు పూరిల్లు వేసుకునేవాడు తాటాకు కోసం తిరుగుతాడు. ఇక్కడ ఎంత పేదవాడైనా రాతి ఇంట్లో ఉంటాడు, వేసవిలో ఆ ఇల్లు పెనంలా కాలుతుంది. రాజభోగమూ పేదరికమూ ఒకే చోట అనుభవించాలంటే తాండూరు రావాలి.

యాదగిరి అక్క నాగమ్మ పొడుగాటి మనిషి, గట్టి గొంతు. ఆమె భర్త బాలప్ప కార్ఖానాలో బండలు కోయించి అమ్ముతాడు. కన్నడ దేశం పక్కనే కాబట్టి బేరం కన్నడంలో మొదలుపెట్టి, ఉర్దూలో పెంచి, తెలుగులో ముగిస్తాడు. నేను వచ్చిన పని విని ఆయన లోపలికి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

నాగమ్మ మాత్రం కొంగు బిగించింది. "తమ్మీ, మా యాదిగాని దోస్తువు, నాకు తమ్మునివే. నీ పెండ్లాం నౌకరి పోకుంట మనం చూస్కుందాం. ఎల్లిగడ్డలు ఒలువు."

ఒలిచాను. గోళ్ళు మండేదాకా ఒలిచాను. ఉల్లిగడ్డలు తరుగుతుంటే కన్నీళ్ళు కారాయి. కార్ఖానాలో పనివాళ్ళు పట్నం సారు ఏడుస్తున్నాడని ఒకరినొకరు పిలుచుకుని చూసి వెళ్ళారు. కొత్తగా కోసిన నున్నటి బండ చూసి, ఇంత కన్నా శుభ్రమైన చోటు ఎక్కడుంటుందని ముక్కలన్నీ దాని మీదే పరిచాను. సాయంత్రానికి గలగలలాడాయి. ఆనందం పట్టలేక ఒక ముక్క నోట్లో వేసుకుని కొరికాను. కరకరలాడింది వెల్లుల్లి కాదు, రాతి పిండి. కోసిన బండను కడగాలన్న సంగతి నాకు తట్టలేదు, నాకు తెలిసే ఉంటుందని వాళ్ళు చెప్పలేదు. ఆ మొత్తం పారబోసి మళ్ళీ మొదటికొచ్చాం.

రెండో విడత కడిగిన బండ మీద ఎండుతుండగా ఊరంతా తెలిసిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ ఏ రోగానికి మందని అడిగారు. ఒక ముసలాయన దగ్గుకు కావాలన్నాడు, ఇంకొకావిడ మోకాళ్ళకు కావాలంది. అమెరికా పొడి అని బాలప్ప చెప్పడం వల్ల గిరాకీ ఇంకా పెరిగింది. ఇది కూరలో వేసుకునేదని నేను చెబితే ఎవరూ నమ్మలేదు. కూరలో వేసుకునే పొడి కోసం రైలెక్కి వచ్చే మనిషి ఉంటాడా అన్నారు. నేను బండ మీది ముక్కలు తిరగేస్తూ కూర్చున్నాను.

తిండికి మాత్రం లోటు లేదు. నాగమ్మ చేత్తో తట్టిన జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ, రోట్లో నూరిన ఎల్లిపాయ కారం. ఆ పప్పు రుచి గురించి రాయాలంటే ఈ వ్యాసం ఎగతాళి వదిలి భజన అయిపోతుంది. ఉప్పు తప్ప ఏ పొడీ అక్కర్లేని పప్పు అది. అది తింటూ, ఒక్క పొడితో సంసారం గడుపుకునే లాటిన్ ఆడవాళ్ళ మీద జాలిపడ్డాను.

చివరి రోజు అన్నీ గలగలా ఎండాయి. మిరియాలు, జీలకర్ర దోరగా వేయించాం. నాగమ్మ, పక్కింటి అనసూయమ్మ రోలు దగ్గర నిలబడి రోకళ్ళు అందుకున్నారు. బండి వేళ కనుక్కొస్తానని నేను స్టేషనుకు వెళ్ళాను. అక్కడ మళ్ళీ, వచ్చినప్పుడు వస్తదన్నారు. తిరిగొచ్చేసరికి పొడి జల్లించి గిన్నెలో పోసి ఉంది. పసుపుపచ్చగా ఉండాల్సింది ఇటుక రంగులో ఉంది.

"అక్కా, ఇందులో ఏం వేశారు?"

"మిరపకాయలు ఏసినం" అంది నాగమ్మ, మామూలుగా. "నువ్వు మర్చిపోయినవ్ గద. చెప్పనీకి సిగ్గుపడ్డవేమో అనుకున్న. మా ఇంట్లయే, మంచి కాయలు."

"మర్చిపోలేదక్కా! అసలు వేయొద్దన్నారు!"

ఇద్దరూ రోకళ్ళు కడగడం ఆపి నన్ను చూశారు. అనసూయమ్మ నెమ్మదిగా, "గుంటూరోళ్ళు అంటిరి గద ఈయన్ని?" అని నాగమ్మను అడిగింది. నాకు మతి సరిగా ఉందా లేదా అన్న అనుమానం ఆ అడగటంలో ఉంది. నాగమ్మ తల అడ్డంగా ఊపింది. "తమ్మీ, మిరపకాయ లేకుంట రోట్ల పొడి దంచి, అది ఇంకొకల ఇంటికి పంపిస్తే నాకు మంచిగనిపియ్యదు. తినేటోడు నన్ను ఏమనుకుంటడు?"

ఎండిన వెల్లుల్లి ఒక్క ముక్క మిగల్లేదు, సెలవు మిగల్లేదు. సుభద్ర గొడుగు మడిచి మూల పెడుతున్నట్టు కళ్ళ ముందు కనిపించింది, నిజంగానే ఏడుపు వచ్చింది. ఈసారి ఉల్లిగడ్డల మీదికి నెట్టడానికి కూడా లేదు. నాగమ్మకు మాత్రం నేనెందుకు బాధపడుతున్నానో చివరిదాకా అర్థం కాలేదు. ఎరుపు కప్పడానికి పసుపు ఇంకో రెండు గుప్పిళ్ళు కలిపాను. కుక్కతులసి నలిపి పైన చల్లాను. డబ్బా నింపుకుని బండెక్కాను. దారిలో తినమని ఆవిడ రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. తిట్టుకుంటూనే అన్నీ తిన్నాను.

ఆఫీసరు గారి నాలుక

మర్నాడు ఆఫీసరు గారు ఉడికిన గుడ్డు తెప్పించారు. డబ్బా మూత తీసి వాసన చూశారు, దేవదాసు లాగే కళ్ళు మూసుకున్నారు. ధారాళంగా చల్లుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవులు ఎర్రబడ్డాయి. నేను మనసులో ఆదిలాబాదు చలికి రగ్గులు కొంటున్నాను.

"ఇదే!" అన్నారు ఆయన. "అచ్చం ఇదే రుచి! ఆ రోజు ఓడరేవు పక్కన హోటల్లో తిన్నది మళ్ళీ ఇప్పుడు తిన్నాను. ఆ ఆకు కూడా సరిగ్గా పట్టావయ్యా. అక్కడ తప్ప దొరకదనుకున్నాను."

ధారూరు రైలుకట్ట గుర్తొచ్చింది. అవునండీ, చాలా కష్టపడి సంపాదించానని చెప్పాను.

"ఎక్కడ చేయించావు?"

"తాండూరులో సార్. అక్కడి బండల మీద ఎండితేనే ఈ రుచి వస్తుంది." ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. సంతోషంలో నోరు జారింది.

ఆయన వెనక్కి వాలి నన్ను ఆప్యాయంగా చూశారు. "తాండూరులో మన సహకార సంఘం లెక్కలు చూడటానికి నమ్మకమైన మనిషి కావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. నిన్ను మొన్న మరెక్కడికో వేద్దామన్నారు. నేనే కొట్టేయిస్తాను. తాండూరు వెళ్ళు. నెలకో డబ్బా పంపిస్తుండు. నీకు మేలు చేసినట్టూ ఉంటుంది."

చేతులు జోడించి దండం పెట్టాను. ఇంకేం చేస్తాను?

ఆ సాయంత్రం సుభద్ర ఆఫీసులో ఏమైందని రెండుసార్లు అడిగితే చెప్పాను. ఆవిడ ఉద్యోగం పోకుండా ఉండాలనే ఇదంతా చేశానని, గోళ్ళు చూడమని, మేకతో కూడా పోట్లాడానని, చివరికి నా చేతులతో నేనే ఇలా చేసుకున్నానని అన్నాను. బడికి రాజీనామా ఎప్పుడిస్తావని అడిగాను.

సుభద్ర నన్ను వింతగా చూసింది.

"నేనెందుకు ఇస్తాను? బదిలీ మీకు కదా."

"మరి నేనక్కడ, నువ్విక్కడా?"

"ఆదిలాబాదు వేసినా నేనదే అనుకున్నాను. నన్నడిగితే ఎప్పుడో చెప్పేదాన్ని, మీరు ఆ డబ్బా పట్టుకుని తిరుగుతుంటిరి. శనివారం బండెక్కి వస్తారు, సోమవారం వెళ్తారు."

"అక్కడ నా తిండీ?"

"వండుకోవడం నేర్చుకోండి" అంది సుభద్ర. "పొడి కొట్టడం ఎలాగూ వచ్చింది కదా."